అందరూ పంచుకోగల ఇంగ్లిష్ బైబిల్‌కి ముందు తేల్చుకోవాల్సినవి

మన సంఘాల్లో ఫోన్‌లో చదివే కొత్త ఇంగ్లిష్ అనువాదాల్లో చాలావాటికి కాపీరైట్ ఉంది. నాలుగు వచనాలు కోట్ చేయొచ్చు కానీ, పుస్తకం మొత్తం అచ్చేసి పంచడం కుదరదు. వాక్యం పంచడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఉండాలంటే 1901 నాటి అమెరికన్ స్టాండర్డ్ వెర్షన్ నుంచి మొదలుపెట్టి, దాని పాత ఇంగ్లిష్‌ని ఇప్పటి ఇంగ్లిష్‌లోకి మార్చుకోవాలి. దాని హక్కుల గడువు తీరిపోయింది. ఎవరైనా ఉచితంగా పంచుకోగల వరల్డ్ ఇంగ్లిష్ బైబిల్‌కీ అదే పునాది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన బైబిల్‌ని పాతదే కదా అని టైపు చేయడం మొదలుపెట్టకండి. మన చట్టంలో అనువాదకుడు పోయాక 60 ఏళ్లు హక్కు నడుస్తుంది. 1970లో పోయినవారి అనువాదం 2030 డిసెంబరు 31 దాకా వారసులదే.

'స్పేక్' (స్పోక్), 'హాత్' (హ్యాజ్) లాంటి పాత మాటలు కంప్యూటర్ స్క్రిప్టుతో మార్చేయొచ్చు. 'సఫర్' దగ్గర మాత్రం మనిషి చూడాలి. మార్కు 10:14లో అది "రానియ్యుడి" అని, అదే సువార్త 8:31లో శ్రమ. 'ఆర్ట్' కూడా అంతే: 'దౌ' (పాత ఇంగ్లిష్‌లో 'నువ్వు') పక్కనుంటే క్రియ, నిర్గమ 30:25లో పరిమళద్రవ్యాలు చేసేవాడి పనితనం.

అసలు కష్టం 'దౌ' తీసేయడంలో ఉంది. లూకా 22:31లో సాతాను "మిమ్మును" కోరుకున్నాడు, అంటే శిష్యులందరినీ. 32లో ప్రభువు వేడుకున్నది "నీ నమ్మిక" కోసం, అంటే ఒక్క పేతురు కోసం. తెలుగులో చదివేవాళ్లకి ఆ తేడా చెవిన పడుతుంది. ఇప్పటి ఇంగ్లిష్‌లో రెండూ 'యు' అయిపోతే వచనం సగం పోయినట్టే. అందుకే మార్చే ముందే ప్రతి ఏకవచనానికీ ఫైల్లో ఒక గుర్తు పెట్టండి. అర్థం తారుమారయ్యే చోట అడుగున నోట్ రాసి, గుర్తులన్నీ చివర్లో తీసేయండి.

1901 ప్రతిలో కొటేషన్ గుర్తులు లేవు, మీరే పెట్టాలి. యోహాను 3లో యేసు మాట 15తో ఆగిందా, 21 దాకా సాగిందా అన్నదాని మీద పండితులే రెండు రకాలుగా ఉన్నారు. ఒకటి ఎంచుకుని, రెండోది నోట్‌లో చెప్పండి.

ఫైళ్లు యూఎస్‌ఎఫ్‌ఎమ్ పద్ధతిలో (బైబిల్ అధ్యాయాలు, వచనాలు గుర్తులతో రాసుకునే ఫైలు రూపం), పుస్తకానికొకటి. వచనాల లెక్క మామూలుగా చెప్పే 31,102 రాలేదని కంగారు పడొద్దు. మత్తయి 17:21, 18:11 లాంటివి ఈ ప్రతిలో నోట్‌లోకి వెళ్లాయి. రోజుకి మూడు అధ్యాయాల చొప్పున 1,189 అధ్యాయాలు ఒక్కసారి దిద్దడానికే 397 రోజులు. కనీసం మూడుసార్లు దిద్దాలి, ఒకసారి బిగ్గరగా చదువుతూ.

దిద్దేవాళ్లు కొత్త అనువాదం పక్కన పెట్టుకుని వాక్యాలు ఎత్తుకోకూడదు. ప్రతి ఒక్కరి దగ్గరా మొదటిరోజే హక్కుల బదిలీ కాగితం మీద సంతకం తీసుకోండి. అందులో కాలం రాయకపోతే అయిదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం లెక్కేస్తుంది. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాయించాలి. పంచేటప్పుడు ఇచ్చే లైసెన్సులో 'నాన్ కమర్షియల్' (వ్యాపారానికి వాడకూడదు) అనే షరతు వద్దు. అచ్చు ఖర్చు మాత్రమే తీసుకునే ప్రెస్‌వాడు కూడా దాన్ని చూసి జంకుతాడు. ఎవరైనా మాటలు మార్చేస్తారని భయమైతే పేరుని ట్రేడ్‌మార్క్ చేయండి: మార్చినవాళ్లు వేరే పేరు పెట్టుకుంటారు, వాక్యానికి మాత్రం తాళం పడదు.