ఐకాన్ల వెనక కొండ

"ఒరేయ్, అది తీసేస్తే నా లెక్కలు పోతాయేమో!" తన కంప్యూటర్‌లో ఒక ఐకాన్ తీసేయబోతుంటే, మౌస్ మీదున్న నా చెయ్యి పట్టేసుకున్నారు నాన్న.

ఐకాన్ మూల చిన్న బాణం చూపించాను. ఇది ఉంటే షార్ట్‌కట్టే నాన్నా, తీసేసినా ప్రోగ్రామ్ ఎక్కడికీ పోదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ తెరిచాను. అందులో 14 ప్రోగ్రాములు ఉన్నాయి! ఆన్ చేయగానే అన్నీ ఒకేసారి లేస్తుంటే పాత సిస్టమ్ ఏం మోస్తుంది పాపం. యాంటీవైరస్, సౌండ్‌వి ఉంచి, అక్కర్లేనివి డిసేబుల్ చేశాను.

సిస్టమ్ అంత నెమ్మదిగా లేస్తుందని, 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు నాన్న అరగంట ముందే ఆన్ చేసి కూర్చునేవారట. తిరుపతి వచ్చినప్పుడల్లా నేను నా ఫోన్‌లోనే ఉన్నాను, ఒక్కసారీ అడగలేదు.

ఐకాన్లు తగ్గాక వాల్‌పేపర్‌లో ఏడుకొండలు బయటపడ్డాయి. నాన్న కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.