రెండు ఎడమ చేతుల జాకెట్టు

ముందే చెప్పేస్తున్నా, ఇది కుట్టు నేర్పే పోస్టు కాదు. ఒక మీటరు కలంకారీ గుడ్డ, ఒక మీటరు లైనింగు, మూడు రాత్రుల నిద్ర తగలేసి నేను కుట్టిన జాకెట్టు కథ. దానికి మెడ బాగానే వచ్చింది, హుక్కులు బాగానే పడ్డాయి. చేతులు కూడా రెండున్నాయి. కాకపోతే రెండూ ఎడమ చేతులే.

శ్రావణమాసంలో గుడివాడలో మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్. ముదురాకుపచ్చ మంగళగిరి చీర మీదకి కలంకారీ జాకెట్టు వేసుకోవాలని ఎప్పటినుంచో కోరిక. గుడ్డ పట్టుకెళ్తే మా వీధి టైలరు కనీసం చేత్తో ముట్టుకోకుండానే "ఇరవై రోజులు పడుతుంది మేడమ్, లైనింగుకి ఇప్పుడు 600 అయింది" అన్నాడు. ఫంక్షన్ తొమ్మిది రోజుల్లో. 600 మాట పక్కన పెట్టండి, ఆ ముట్టుకోకపోవడం ఉంది చూశారూ, అది గుచ్చుకుంది. ఇంట్లో మా అత్తయ్యగారి మిషను ఉంది, నాకు రెండు చేతులున్నాయి (ఒక కుడి, ఒక ఎడమ), నేనే కుట్టుకుంటా అనుకుని వచ్చేశాను. అప్పటికి నేను కుట్టినవి ఏంటంటే నాలుగు దిండు గలీబులు, వంటింటి కిటికీకి ఒక కర్టెను. అన్నీ తిన్నటి కుట్లే. మలుపు అనేది కుట్టిన పాపాన పోలేదు.

ఆ గుడ్డ గురించి చెప్పాలి, ఎందుకంటే సగం గొడవ దానివల్లే. బందరు వెళ్తూ దారిలో పెడనలో ఆగి కొన్నది. పెడనలో టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. అద్దకానికి ముందు గుడ్డని కరక్కాయ నీళ్లలో, పాలలో తడిపి ఆరబెడతారు. నల్ల రంగు ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసేది. అందుకే కొత్త కలంకారీకి ఒక రకమైన వగరు వాసన ఉంటుంది, నాకైతే అది మహా ఇష్టం. ఆ వాసన పోతుందనీ, రంగు కాస్త తగ్గుతుందనీ కత్తిరించేముందు ఆ గుడ్డని నేను నీళ్లలో పెట్టలేదు. లైనింగుని మాత్రం రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాను. కొలిస్తే మీటరు కాస్తా 96 సెంటీమీటర్లు తేలింది. "చూశావా, తడపకుండా కుట్టుంటే ఏమయ్యేదో" అని మా ఆయనకి పెద్ద లెక్చరు కూడా ఇచ్చాను. లైనింగు నూలే, కలంకారీ కూడా నూలే అన్న ముక్క ఆ క్షణాన నా బుర్రకి తట్టలేదు.

గుడ్డ నిండా వరసలుగా నెమళ్లు. అన్నీ ఒకే వైపు తలెత్తి నిలబడ్డాయి. అంటే జాకెట్టు ముక్క ఏదైనా తలకిందులుగా కత్తిరిస్తే నెమలి శీర్షాసనం వేస్తుంది. ఈ సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకున్నాను. అసలు అదొక్కటే గుర్తుపెట్టుకున్నాను.

ఇక మిషను. కాళ్లతో తొక్కేది, తోలు బెల్టుది, నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. అత్తయ్యగారు గుడివాడకి మారినప్పుడు "మీకు పనికొస్తుందిలే" అని వదిలి వెళ్లారు. నాలుగేళ్లుగా దానిమీద మా ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటున్నాం. తొక్కే మిషనులో మొదటి తంటా ఏంటంటే చక్రం మనవైపుకి తిరగాలి, కాలు కాస్త తప్పుగా పడిందా వెనక్కి తిరుగుతుంది, పుటుక్కున దారం తెగుతుంది. మొదటి రాత్రి ఎన్నిసార్లు తెగిందో లెక్కపెట్టడం మానేశాను. తర్వాత కుట్టు పడింది, కానీ గుడ్డ తిప్పి చూస్తే అడుగున పిచ్చుక గూడులా దారం ఉండలు. అడుగున ఉండలు కట్టాయి కదా, తప్పు అడుగు దారానిదే అనుకుని ఆ దారపు చుట్ట ఉండే బాబిన్ కేసు మీది బుల్లి స్క్రూ బిగించాను. ఇంకా బిగించాను. ఉండలు అలాగే ఉన్నాయి, కాకపోతే ఇప్పుడు బాబిన్ దారం కూడా తెగడం మొదలైంది.

అసలు విషయం రాత్రి పదకొండు గంటలకి తెలిసింది. కుట్టు అంటే పై దారం, కింద దారం గుడ్డ మధ్యలో ఒకదాన్నొకటి మెలేసుకోవడం. 1846లో ఎలియాస్ హోవ్ అనే అమెరికా ఆయన పేటెంటు తీసుకున్న మిషను కూడా ఇలాగే, మొనలో కన్ను ఉన్న సూదితో, రెండు దారాలతోనే కుట్టేది. పై దారం వదులైతే కింద దారం దాన్ని కిందికి లాగేసుకుంటుంది, అందుకే తప్పు పైన ఉంటే ఉండలు అడుగున కనిపిస్తాయి. నేను ఫుట్ (సూది దగ్గర గుడ్డని నొక్కి పట్టే పాదం) దించి ఉంచి దారం ఎక్కించాను. ఫుట్ దించితే పై దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లలు రెండూ మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి దిగకుండా పైపైన జారిపోతోంది. ఫుట్ ఎత్తి మళ్లీ ఎక్కించాక కుట్టు ముత్యాల్లా పడింది. మిషను టెన్షన్ సరిపోయింది, నా టెన్షన్ సంగతి అడక్కండి.

రెండో రాత్రి కటింగు. ఆది జాకెట్టు పరిచి పాత పేపరు మీద గీసుకున్నాను. ముందు భాగాలు క్రాస్‌లో తీయాలి కాబట్టి గుడ్డ ఏటవాలుగా పోయింది, వీపు తీశాను, నడుం పట్టీకి తీశాను. చేతుల దగ్గరికొచ్చేసరికి మిగిలినవి ఒక పక్క ఒక ముక్క, ఇంకో మూల ఇంకో ముక్క. రెండు చేతులు ఒకేసారి మడతపెట్టి కత్తిరించే వీలు లేదు. సరే, పేపరు చెయ్యిని ఒక ముక్క మీద పెట్టాను, నెమలి తల పైకి ఉందా చూసుకున్నాను, గీశాను, కత్తిరించాను. అదే పేపరుని రెండో ముక్క మీద అలాగే పెట్టాను, నెమలి తల మళ్లీ చూసుకున్నాను, గీశాను, కత్తిరించాను. ఎంత తృప్తిగా ఉందంటే రెండిటినీ పక్కపక్కన పెట్టి ఫోటో తీశాను. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. చూసిన ఎవరికైనా కనిపించాల్సిన తప్పు అందులో పట్టపగల్లా కనిపిస్తుంది.

కుట్టు రానివాళ్ల కోసం చెప్తాను. జాకెట్టు చెయ్యి పరిస్తే పైన గంట ఆకారంలో వంపు ఉంటుంది కదా, ఆ వంపు రెండు వైపులా ఒకేలా ఉండదు. వీపు వైపు నిండుగా ఉంటుంది, ముందు వైపు ఓ అర అంగుళం లోతుగా తీస్తారు. మనం చేతులు ఎక్కువగా ముందుకే చాస్తాం, వెనక గుడ్డ ఉండాలి, ముందు ఎక్కువైతే చంక దగ్గర ముడతలు పడతాయి. అంటే కుడి చెయ్యి, ఎడమ చెయ్యి అద్దంలో చూసినట్టు ఒకదానికొకటి తిరగబడి ఉండాలి. పేపరుని రెండోసారి బోర్లా తిప్పి పెట్టాలి. నేను నెమలిని కాపాడే ధ్యాసలో చెయ్యిని వదిలేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. లైనింగు చేతులు ఈ కలంకారీ చేతుల్ని పైన పెట్టి, వాటి చుట్టూ కత్తిరించాను. ఒక్కసారి చేసిన తప్పుని ఎంత శ్రద్ధగా, ఎంత చక్కగా రెండోసారి చేశానో.

ఎడమ చెయ్యి వెన్నలా ఎక్కింది. కుడి చెయ్యి ఎక్కలేదు. భుజం దగ్గర కలిపితే చంక దగ్గర మిగులుతుంది, చంక దగ్గర కలిపితే వీపు వైపు చాలదు. లాగి కుట్టాను. వేసుకుని చెయ్యి ఎత్తితే జాకెట్టు మొత్తం చేతితో పాటు పైకి లేచింది, ముందు వైపు మాత్రం ఓ గుప్పెడు గుడ్డ ఉబ్బి నిలబడింది. విప్పాను. మళ్లీ కుట్టాను. మళ్లీ అదే. అప్పుడు నేను అనుమానించినవి వరసగా: మిషను పళ్లు గుడ్డని సరిగా లాగట్లేదని, సూది మొండిదని (కొత్తది, 14వ నంబరు, మార్చాను కూడా), అత్తయ్యగారు మిషనుకి నూనె సరిగా వేసి ఉండరని. చివరికి నా కుడి భుజమే ఎడమదాని కన్నా పెద్దదేమో, చిన్నప్పుడు బావిలో నీళ్లు తోడిన చెయ్యి కదా అని కూడా అనుకుని టేపుతో రెండు భుజాలూ కొలుచుకున్నాను. రెండూ ఒకటే ఉన్నాయి. నేను కత్తిరించిన చెయ్యిని మాత్రం అనుమానించలేదు.

మూడోసారి విప్పుతుంటే ఇంకో ఘనకార్యం. కుట్లు విప్పే రిప్పరు కొనుక్కోవచ్చుగా, పాతిక రూపాయలు ఉంటుందేమో. కొనలేదు. మా ఆయన షేవింగు బ్లేడు సగానికి విరిచి దానితో విప్పుతున్నాను, ఇళ్లలో అందరూ చేసేదే. పన్నెండు దాటింది, కళ్లు మూతలు పడుతున్నాయి, దారం అనుకుని సర్రున లాగితే దారంతో పాటు చంక దగ్గర గుడ్డ కూడా తెగింది. పెసరగింజంత చిల్లు కాదు, బొటనవేలు పట్టేంత. కాసేపు దాని వంక అలా చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు, ఆకలేసింది. లేచి పెరుగన్నం తిని పడుకున్నాను.

పొద్దున్నే అత్తయ్యగారికి వీడియో కాల్. నిజానికి ఆవిడకి తెలియకుండా కుట్టుకుని వెళ్లి, ఫంక్షన్లో "మీ మిషను మీదే కుట్టానండీ" అని చెప్పాలని నా ప్లాను. ఆవిడ నలభై ఏళ్లు వీధందరికీ జాకెట్లు కుట్టిన మనిషి. కథంతా చెప్పాను, మిషను మీద నా ఫిర్యాదులతో సహా. ఆవిడ ఏమీ మాట్లాడకుండా విని, "వేసుకున్నది కాదు, విప్పిన చెయ్యి చూపించమ్మా, మంచం మీద పరిచి" అన్నారు. పరిచాను. "రెండోది కూడా విప్పు." బాగా కుదిరిన చెయ్యి విప్పడానికి మనసొప్పలేదు, అయినా విప్పి పరిచాను. ఫోను వాటి మీద పట్టుకున్నాను.

అటునుంచి ఒక్క నిమిషం ఏమీ వినపడలేదు. తర్వాత నవ్వు. ఆయాసం వచ్చేదాకా నవ్వు. "ఓసి పిచ్చిదానా, రెండూ ఒక చేతివేనే! పాపం మిషనుని ఎందుకు ఆడిపోసుకుంటావు, నువ్వు ఎడమ చెయ్యి ఇచ్చావు, అది ఎడమ చెయ్యే కుట్టింది."

గుడ్డ మిగల్లేదని చెప్తే, మిగిలిన పేలికలన్నీ చూపించమన్నారు. అరచేతిలో సగం కూడా లేని ముక్కలు నాలుగైదు ఉన్నాయి. వాటిలోంచి రెండు ఏరి, చంక ముక్క వెయ్యమన్నారు. వెనకటి రవికెలకీ, మగవాళ్ల చొక్కాలకీ చంక కింద పలకలా ఒక ముక్క వేసేవాళ్లట, చెయ్యి ధారాళంగా ఎత్తడానికి. కుడి చేతికి ముందు వైపు ఉబ్బిన గుడ్డని అర అంగుళం లోతుగా తీసేసి, వీపు వైపు చాలని చోట లోపల వదిలిన గుడ్డంతా బయటికి లాగి, ఇంకా చాలనిది చంక ముక్కతో పూడ్చాలి. బ్లేడు చిల్లు కూడా అందులోనే కొట్టుకుపోతుంది. "రెండు వైపులా వెయ్యి, ఒక్క వైపే వేస్తే అతుకంటారు, రెండు వైపులా వేస్తే ఫ్యాషనంటారు" అన్నారు. ఈ ఒక్క మాటకి ఆవిడకి 600 ఇవ్వొచ్చు.

ఒక తకరారు. ఆ పేలికల్లో ఒకదాని మీద నెమలి తల ఉంది, దాన్ని ఎటు తిప్పినా తలకిందులుగానే సరిపోతోంది. వేరే ముక్క లేదు. వేసేశాను.

ఫంక్షన్లో బాగానే గడిచింది. నిలబడితే ఏమీ తెలియదు. చెయ్యి ఎత్తితేనే. ఆ సంగతి మర్చిపోయి, పిల్ల మీద అక్షింతలు వెయ్యడానికి కుడి చెయ్యి ఎత్తాను. పక్కనే మా తోడికోడలి కొడుకు, రెండో తరగతి, "పెద్దమ్మా, నీ చంకలో కోడి ఉంది" అని గట్టిగా అరిచాడు. నెమలి రా నాయనా అని చెప్పే పరిస్థితి కాదది. అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయారు.

కథ అక్కడితో అయిపోలేదు. ఇంటికొచ్చి జాకెట్టు మొదటిసారి ఉతికాను. పైన కలంకారీ ముడుచుకుంది, ముందే తడిపి ఆరేసిన లైనింగు మాత్రం ముడుచుకోలేదు. నడుం దగ్గర లోపలి గుడ్డ పావంగుళం బయటికి తొంగి చూస్తోంది. మా ఆయన ఏమీ అనలేదు. లెక్చరు గుర్తున్నట్టుంది, మొహంలో తెలుస్తోంది.

ఇంకో మీటరు తెప్పించాను, పెడన నుంచే. ఈసారి నెమళ్లు లేవు, ఎటు తిప్పినా ఒకేలా ఉండే చిన్న పువ్వులు. పేపరు చెయ్యికి ఒక వైపు "కుడి" అనీ, తిప్పితే రెండో వైపు "ఎడమ" అనీ పెద్దక్షరాలతో స్కెచ్ పెన్నుతో రాశాను. గుడ్డ నిన్న రాత్రి నుంచి బకెట్లో నానుతోంది, నీళ్లు టీ రంగులోకి వచ్చాయి. మబ్బు పట్టేలా ఉంది, వాన పడేలోపు ఆరెయ్యాలి.