గోస్తనిని మొగ దగ్గర కాదు, ఎగువనే కాపాడుకోవాలి

భీమిలి తీరంలో సెలవు రోజుల ఉదయాలలో చెత్త ఏరే బృందాలు తరచుగా కనిపిస్తాయి. కళాశాల విద్యార్థులు, ఉద్యోగులు, అప్పుడప్పుడు తల్లిదండ్రుల వెంట వచ్చిన చిన్నపిల్లలు కూడా చేతి తొడుగులు వేసుకుని గోనె సంచులు నింపుతుంటారు. వారి శ్రమ పట్ల నాకు నిజమైన గౌరవం ఉంది, వీలైనప్పుడు నేనూ వారితో కలుస్తాను. అయితే ఆ సంచులలోకి చేరుతున్న వస్తువులలో చెప్పుకోదగ్గ భాగం తీరానికి వచ్చినవారు పారవేసినది కాదనీ, గోస్తని నది పైనుండి మోసుకొచ్చి, సముద్రంలో కలిసే మొగ దగ్గర వదిలిపెట్టినదనీ గమనిస్తున్న కొద్దీ, చెత్త నదిలోకి దిగే చోటనే దాన్ని ఆపడానికి మన శక్తిని వెచ్చించాలన్న అభిప్రాయం నాలో బలపడుతూ వచ్చింది.

గోస్తని అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల గుండా సాగి, తాటిపూడి జలాశయాన్ని నింపి, పద్మనాభం మీదుగా వచ్చి భీమిలి వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. నది పొడవు సుమారు 120 కిలోమీటర్లు. 1960లలో కట్టిన తాటిపూడి జలాశయం విజయనగరం ప్రాంతంలోని పొలాలను తడపడంతో పాటు విశాఖ నగరానికి తాగునీటిని కూడా అందిస్తోంది. అంటే నగరంలో కొళాయి తిప్పే ఎన్నో కుటుంబాలకు, ఆ పేరు తెలిసినా తెలియకపోయినా, ఈ నదితో రోజూ సంబంధం ఉన్నట్లే.

2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్విభజించినప్పటి నుండి నది పుట్టుక అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ, జలాశయం విజయనగరం జిల్లాలోనూ, సముద్ర సంగమం విశాఖపట్నం జిల్లాలోనూ ఉన్నాయి. ఎగువన ఒక పంచాయతీ మురుగు కాలువను గెడ్డలోకి, అంటే నదిలో కలిసే వాగులోకి, వదిలితే ఆ ఫలితాన్ని అనుభవించేది మరో జిల్లాలోని ఊరు. నీరు ఒక శాఖది, ఇసుక మరొక శాఖది, చెత్త పంచాయతీది, కాలుష్యం లెక్క కాలుష్య నియంత్రణ మండలిది. ఎవరి హద్దులో వారు తమ పని చేసినా, నది మొత్తాన్ని ఒకే ప్రవాహంగా చూసే కన్ను వీటిలో దేనికీ లేదు. మూడు జిల్లాల అధికారులు ఏడాదికి రెండుసార్లైనా ఈ ఒక్క నది కోసం ఒక చోట కూర్చోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక చెత్త విషయానికి వద్దాం. వర్షం వెలిసిన తరువాత ఏదైనా చిన్న కల్వర్టు దగ్గర కాసేపు నిలబడి, తూముకు అడ్డం పడిన పుల్లలను, వాటి చుట్టూ పేరుకున్న వాటిని కర్రతో విడదీసి చూడండి. పాల ప్యాకెట్లు అంతగా కనిపించవు. మంచినీళ్ల సీసాలు కూడా మనం అనుకున్నంతగా ఉండవు. పాత సామాను కొట్టులో వాటికి ధర ఉంది కనుక చిత్తుకాగితాలు ఏరుకునేవారు వాటిని ముందే తీసుకెళ్లిపోతారు. మిగిలేవి షాంపూ పొట్లాలు, గుట్కా పొట్లాలు, చిప్స్ కవర్లు, పిల్లల డైపర్లు, థర్మాకోల్ ముక్కలు. షాంపూ పొట్లాన్ని గోటితో చీల్చి చూస్తే లోపల వెండి రంగు పొర ఒకటి, బయట బొమ్మలు అచ్చువేసిన పొర మరొకటి కనిపిస్తాయి. వేర్వేరు పదార్థాలను అతికించి చేసిన ఇటువంటి పొట్లాన్ని కరిగించి మళ్లీ వాడుకోవడం కష్టం గనుక దాన్ని కొనేవారు లేరు, కొనేవారు లేరు గనుక ఏరేవారూ లేరు. నదిలోకి చేరుతున్నది ప్రధానంగా ధర లేని చెత్త. ఆ ధరను కల్పించవలసిన బాధ్యత ఆ సరుకును అమ్మే కంపెనీలది కూడానని 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు స్పష్టంగానే చెబుతున్నాయి. రూపాయి పొట్లం అమ్మినంత సులువుగా, ఖాళీ పొట్లాన్ని వెనక్కి తీసుకునే ఏర్పాటు కూడా పల్లెటూరి కిరాణా కొట్టు దాకా చేరేవరకు, పల్లెవాసులను మాత్రమే నిందించడం న్యాయం కాదు.

కోడిమాంసం దుకాణాల వ్యర్థాలు, సెప్టిక్ ట్యాంకుల నుండి తోడి రాత్రివేళ గెడ్డలలో ఒంపుతున్న మురుగు ఇంతకంటే ప్రమాదకరమైనవి. ఇవి నీటిలో కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడుకుంటాయి, చేపలకు ఊపిరి అందదు. స్నానానికి పనికివచ్చే నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండాలన్నది మన దేశంలో పాటించే ప్రమాణం. వేసవిలో ప్రవాహం సన్నగిల్లి, సముద్రపు అలలు మొగ దగ్గర ఇసుకను మేట వేసినప్పుడు, వెనుక నిలిచిపోయిన నీటిలో ఈ ప్రాణవాయువు నిలవడం కష్టం. వల విడదీసుకుంటున్న ఒక పెద్దాయనను ఒకసారి పలకరిస్తే, "వలేత్తే సగం కవర్లే వత్తన్నాయి బాబూ, సేపలు ఎక్కడున్నాయి" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం కంటే అలసటే ఎక్కువగా వినిపించింది.

ఇసుక గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చెత్త గురించి మాట్లాడేవారు కూడా దీన్ని తరచుగా మరచిపోతారు. నదీగర్భంలోని ఇసుక నీటిని వడకడుతుంది. నీరు ఆ రేణువుల మధ్యగా మెల్లగా కిందికి దిగేటప్పుడు మట్టి, మలినం చాలావరకు పైనే ఆగిపోతాయి. నదిలోని ఊటబావులు పనిచేసేది ఈ ఇసుక వల్లనే. ఆ ఇసుకను తవ్వి లారీలలో తరలించిన చోట గుంటలు మిగులుతాయి, గుంటలలో నీరు నిలుస్తుంది, నిలిచిన నీటిలో చెత్త చేరుతుంది, చుట్టుపక్కల బావులలో నీటిమట్టం పడిపోతుంది. ఇసుక పోయిన నదిని ఎంత శుభ్రం చేసినా, తనను తాను శుభ్రపరచుకునే శక్తి దానికి చాలా మటుకు తగ్గిపోతుంది. నదీగర్భంలో ఇసుక తవ్వకాలను కట్టడి చేయడానికి 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం మన చేతిలో ఉంది. ఊరి వారు ఫిర్యాదు రాసేటప్పుడు ఆ చట్టం పేరును ప్రస్తావించడం మంచిది, అధికారి ఆ కాగితాన్ని అంత తేలికగా పక్కన పెట్టలేరు.

కార్తీక మాసం వచ్చిందంటే విశాఖ నుండి బస్సులు, కార్లు వనభోజనాలకు బయలుదేరుతాయి. ఉసిరి చెట్టు నీడలో నలుగురూ కలిసి భోజనం చేయడం నాకు చాలా ఇష్టమైన ఆచారం. విస్తరాకులలో తిన్న రోజులలో మిగిలినదాన్ని ఆవులు తినేవి, ఆకు మట్టిలో కలిసిపోయేది. ఇప్పుడు ప్లాస్టిక్ పూత పూసిన పళ్లేలు, గ్లాసులు, చెంచాలు నది ఒడ్డున కుప్పలుగా మిగులుతున్నాయి. నదిలో వదిలే దీపాలు కూడా అరటి డొప్పలకు బదులు థర్మాకోల్ ముక్కల మీద వెలుగుతున్నాయి. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్లేలను, గ్లాసులను, అలంకరణ కోసం వాడే థర్మాకోల్‌ను 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. నిషేధం ఉన్నా అవి దుకాణాలలో దొరుకుతూనే ఉన్నాయి. వినాయక నిమజ్జనం సంగతీ ఇంతే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ నీటిలో త్వరగా కరగదు, దాని రంగులలో ఉండే సీసం వంటి లోహాలు నీటిలోనూ అడుగు మట్టిలోనూ చేరతాయి. మట్టి వినాయకుడికి పత్రితో పూజ చేయడమే మన పాత పద్ధతి గనుక, దీనికోసం కొత్తగా నేర్చుకోవలసినది ఏమీ లేదు.

మురుగును, విషపదార్థాలను నదిలోకి వదలడాన్ని 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ నిషేధిస్తోంది. స్థానికంగా న్యాయం జరగకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనాన్ని పౌరులు ఎవరైనా ఆశ్రయించవచ్చు. ఫోటో, తేదీ, చోటు, ఈ మూడూ ఉన్న ఫిర్యాదుకు ఉన్న బలం సామాజిక మాధ్యమాలలో పెట్టే వంద వ్యాఖ్యలకు ఉండదని నా నమ్మకం.

వీటన్నిటిలోకీ మనం వెంటనే చేయగలిగినది ఒకటి ఉంది, దానికి సరైన నెల మే. వేసవి అంతా గెడ్డలు ఎండిపోయి ఉంటాయి, చెత్త అందులో కదలకుండా పోగుపడుతుంది. జూన్‌లో నైరుతి వానలు మొదలై తొలి వరద రాగానే, నెలల తరబడి పేరుకున్నదంతా ఒక్కసారిగా నదిలోకి, అక్కడినుండి సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఆ తరువాత భీమిలి తీరంలో ఎంతమంది ఏరినా దొరికేది కొంతే. అదే చెత్తను మే నెలలో పొడి గెడ్డలో కాళ్లు తడవకుండా ఎత్తవచ్చు, చిన్న ట్రాక్టరు కల్వర్టు దాకా వెళ్లగలదు, బురద లేదు గనుక పొడి చెత్తను వేరు చేయడమూ తేలిక. తీరంలో పనిచేసే బృందాలలో సగమైనా ఆ నెలలో మూడు నాలుగు ఆదివారాలు పద్మనాభం, భీమిలి మండలాలలోని గెడ్డల వైపు రావాలని నా విజ్ఞప్తి. ఆయా ఊళ్ల సర్పంచులతో ముందే మాట్లాడి, ఎత్తిన చెత్తను ఎక్కడికి పంపాలో ఏప్రిల్‌లోనే తేల్చుకోవాలి. కల్వర్టు తూములకు ఇనుప జాలీలు బిగించే ఆలోచన కూడా ఉంది, కానీ వానాకాలంలో వారం వారం వాటిని శుభ్రం చేసే మనిషికి పంచాయతీ కూలి చెల్లిస్తేనే వాటిని పెట్టాలి. లేకపోతే తూము పూడిపోయి నీరు పొలాల మీద పడుతుంది, అప్పుడు రైతులే ముందుగా ఆ జాలీని పీకివేస్తారు. వారు అలా చేస్తే తప్పు పట్టలేము కూడా.