రెండో పాదం

మా నాయనకు నోటికి వచ్చిన పద్యాలన్నీ వేమనవే. కదిరి దాపున కటారుపల్లెలో ఉన్న వేమన సమాధికి నా చిన్నతనంలో నన్ను భుజాన ఎక్కించుకొని తీసుకుపోయేవాడు. తల్లిదండ్రుల మీద దయలేని కొడుకును పుట్టలోని చెదలతో పోల్చిన పద్యాన్ని దారి పొడుగునా నా చేత చెప్పించేవాడు. అందుకే ఆయన తొలి సంవత్సరీకానికి పద్యం రాయాలనుకున్నప్పుడు ఆటవెలది తప్ప వేరే ఛందస్సు నాకు తోచలేదు.

అనంతపురంలో రాత్రిపూట, ఇంట్లో అందరూ పడుకున్నాక కూర్చునేవాణ్ణి. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు (రెండు మూడు అక్షరాల చిన్న గుంపులు), రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగు అక్షరాల పెద్ద గుంపులు). సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరాలి, అదే యతి. లెక్క తేలికే. అయినా మొదటి వారం రాసినదంతా త్యాగమూర్తి, కరుణామయుడు వంటి మాటలతో నిండి, ఎవరి నాయన గురించో రాసినట్లుండటంతో చింపేశాను.

చివరికి, తప్పించుకు తిరుగుతున్న సాయంత్రం దగ్గరికే రావలసి వచ్చింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్పనుకునే నేల మాది. ఆ ఆషాఢంలో వాన పడ్డ సాయంత్రం ఆయన ఫోన్ చేసి, "పదునైంది నాయనా, చెనక్కాయ వేస్తాండాం, ఒకసారి వచ్చి చూసిపో" అన్నాడు. తెల్లవారేసరికి ఆయన లేడు.

మూడు పాదాలు నిలిచాక, నాలుగోదిగా 'ఎంత పిలుచుకొన్న నేమి ఫలము' అని రాశాను. గణాలు, యతి అన్నీ సరిపోయాయి కానీ అది నీతిపద్యానికి తగిలించిన తోకలా ఉంది. పది రోజుల తరువాత ఆయన మాటే, 'చూసిపో'ను 'చూడు' చేస్తే చాలు, తనంతట తాను అక్కడ కూర్చుంది.

నాగలెత్తు చేయి నన్ను నెత్తిన చేయి
రేపు వత్తునంటి రేయి గడిచె
రేపు వచ్చె గాని రెప్ప విప్పడు తండ్రి
వాన కురిసె చేన వచ్చి చూడు

ఇందులో రెండో పాదం అబద్ధం. నేను ఆ రోజు రేపు వస్తాననలేదు, "చూద్దాంలే" అన్నాను. మూడు అక్షరాలూ గురువులైన, అంటే సాగదీసి పలికే ఆ మాట సూర్యగణాల్లో ఇమడదని మొదట సర్దిచెప్పుకున్నాను కానీ, 'చూతమంటినయ్య చుక్క పొడిచె' అంటే యతితో సహా చక్కగా కుదురుతుంది. అదీ రాశాను, కొట్టేశాను కూడా. 'రేపు' పోతే మూడో పాదం విరుపు పోతుందనుకున్నాను. పద్యం అందం కోసం నేను కొంచెం మంచి కొడుకునయ్యాను.

సంవత్సరీకం నాడు దానినే చదివాను. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకొని, "రేపొస్తానంటివా? మీ నాయన నాతో ఆ మాట చెప్పలేదే" అంది. నేను పుస్తకం మూసి, విస్తళ్ళు వేస్తున్న చోటికి వెళ్ళాను.