భుజం దగ్గర తప్పిన లెక్క: నా మొదటి క్రోషే ప్యాటర్న్

మొన్న శనివారం రాత్రి పదకొండింటికి నా మొదటి క్రోషే టాప్ ప్యాటర్న్‌ను రావెల్రీ అనే అల్లికల వెబ్‌సైట్‌లో అమ్మకానికి పెట్టాను. టాప్ ఎలా అల్లాలో వరుస వరుసకూ రాసిన పదమూడు పేజీల పీడీఎఫ్, ఎనిమిది నెలల పని. అందులో టాప్ అల్లడానికి పట్టింది పన్నెండు రోజులే అంటే మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

అల్లిక నాకు కొత్త కాదు. నల్గొండలో మా పెద్దమ్మ ఇంట్లో టీవీ మీద కప్పిన గుడ్డ నుంచి గుమ్మం తోరణం దాకా అన్నీ ఆమె చేతివే. ఆమె కుట్లకు పేర్లుండేవి కావు. "సూది మీద దారం చుట్టు, రెండేసి పోగులు లాగు", అంతే. ప్యాటర్న్ రాయబోతే తెలిసింది, ఆ కుట్టును అమెరికా వాళ్లు డబుల్ అంటారు, ఇంగ్లండ్ వాళ్లు ట్రెబుల్ అంటారు. ఇంగ్లండ్ వాళ్ల డబుల్ మళ్లీ అమెరికా వాళ్లకు సింగిల్! ఏ దేశం పేర్లు వాడామో మొదటి పేజీలోనే రాయకపోతే, కొన్నవాళ్లకు టాప్ బదులు సగం పొడవు జాకెట్టు తయారవుతుంది.

దారం కోసం క్లాక్ టవర్ దగ్గర దుకాణాల్లో అడిగితే తోరణాల ఊలే చూపించారు. మన ఎండలకు ఆ ఊలు ఒంటి మీద వేసుకుంటే చెమటకాయలే. హైదరాబాద్ నుంచి నూలు దారం తెప్పించాను. 4 మిల్లీమీటర్ల సూదితో నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి కొలిస్తే నాలుగంగుళాలకు 16 కుట్లు. ఉతక్కుండా కొలిచేవాళ్లతో నాకు మాటల్లేవు.

36 ఛాతీకి అల్లిన టాప్ నాకు బాగా కుదిరింది. కానీ అమ్మాలంటే ఒక్క సైజు సరిపోదు. 36 నుంచి 56 దాకా నాలుగేసి అంగుళాల తేడాతో ఆరు సైజులు అనుకున్నాను. నా డిజైన్‌లో గవ్వ, అంటే గవ్వ ఆకారంలో విచ్చుకునే కుట్ల గుత్తి, ఆరు కుట్లకోసారి వస్తుంది. ఆరు కుట్లంటే అంగుళంన్నర. ముందు ఒక గవ్వ, వెనక ఒక గవ్వ పెంచితే మూడంగుళాలు. సైజేమో నాలుగు పెరగాలి. ఆ ఒక్క అంగుళం నన్ను రెండు వారాలు తిప్పింది. చివరికి పక్క అంచుల్లో సాదా కుట్లు వేయొచ్చని తట్టింది. ముందు రెండు అంచులు, వెనక రెండు అంచులు, ఒక్కో కుట్టు. నాలుగు కుట్లు, సరిగ్గా అంగుళం. పదో తరగతిలో లెక్కల సార్ నన్ను చూసి ఉండాల్సింది.

ఆ పొగరే కొంప ముంచింది. మిగతా కొలతలన్నీ ఎక్సెల్‌లో అదే ధీమాతో లాగేశాను. ఛాతీ ఏ నిష్పత్తిలో పెరిగితే భుజాలు, మెడ, చంక లోతు కూడా అంతే. 36 సైజుకు వీపు మీద భుజం నుంచి భుజానికి 16 అంగుళాలు, కాబట్టి 52 సైజుకు 23 అంది షీటు. నేనూ సరే అన్నాను.

టెస్ట్ అల్లడానికి, అంటే అమ్మే ముందు ప్యాటర్న్ సరిగ్గా ఉందో లేదో అల్లి చూడడానికి, ఆరుగురు ఒప్పుకున్నారు. ఇది ఉచిత సేవ, దారం కూడా వాళ్లదే, మనమిచ్చేది ప్యాటర్న్ మాత్రమే. ఇది న్యాయం కాదని నాకు అప్పుడు అనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తోంది. 52 సైజు అల్లినావిడ మూడు వారాల తర్వాత గ్రూప్‌లో ఫొటో పెట్టింది. మెడ ఒక పక్కకు జారిపోయింది, భుజం కుట్టు జబ్బ మీదికి దిగింది, చంక కింద గుడ్డ కుచ్చుగా వేలాడుతోంది. "ఇది కావాలనే ఇలా పెట్టారా?" అని మర్యాదగా అడిగింది. తిట్టినా బాగుండేది. కింద ఇంకొకావిడ నవ్వు బొమ్మ పెట్టింది. ఆమెను నేనింకా క్షమించలేదు.

మర్నాడు మా వీధిలో జాకెట్లు కుట్టే అక్క దగ్గరికి వెళ్లాను. షీటు చూపించడానికి సిగ్గేసింది. లావుగా ఉన్నవాళ్లకు భుజం ఎంత పెంచుతావక్కా అని మాత్రం అడిగాను. ఆమె కత్తెర ఆపలేదు.

"భుజం బొక్క కదా చెల్లె, మనిషి లావైతే బొక్క పెరుగుతదా? జరంత పెంచుత, గంతే. మిగిలింది చంక కాడ ఇడుస్త."

ఇంటికొచ్చి అమెరికా దారం కంపెనీల సంఘం క్రాఫ్ట్ యార్న్ కౌన్సిల్ పెట్టిన కొలతల పట్టిక తీశాను. 36 నుంచి 52కి ఛాతీ 16 అంగుళాలు పెరిగితే వీపు వెడల్పు పెరిగేది సుమారు రెండే! ఆ పట్టిక మొదటి నుంచీ ఉచితంగా నెట్‌లోనే ఉంది. పెద్ద సైజులకు చంక దగ్గర ఎక్కువ కుట్లు వదిలేలా పై భాగమంతా మళ్లీ రాశాను.

ప్యాటర్న్ లెక్కలు సరిచూసే టెక్ ఎడిటర్‌కు గంటల లెక్కన డబ్బివ్వాలని, ఆ పని టెస్ట్ తర్వాత చేయించుకుందామనుకున్నాను. నా పీనాసితనం ఖరీదు ఒకావిడ మూడు వారాలు. మీరు ముందే చేయించుకోండి. రెండోసారి రాసింది పంపితే ఎడిటర్‌కు అచ్చుతప్పులే దొరికాయి, లెక్కల్లో ఒక్క తప్పూ లేదు. ఈ ముక్క చెప్పుకోకుండా ఉండలేను.

విదేశాల నుంచి డబ్బు రావాలంటే అది దేనికి వస్తోందో తెలిపే పర్పస్ కోడ్ ఒకటి బ్యాంకుకు చెప్పాలి. అది అడగడానికి వెళ్తే బ్యాంకు కౌంటర్‌లో ఆయన "కుట్లకు డాలర్లిస్తరా మేడం" అని నవ్వాడు. నవ్వనీ.

52 సైజు ఆవిడ దారం డబ్బు వద్దంది. పై భాగం విప్పి మళ్లీ అల్లి కొత్త ఫొటో పంపింది. కవర్ మీద అదే పెట్టాను. నా ఫొటో నాలుగో పేజీకి పోయిందని అత్తమ్మ మాత్రం ఇంకా అలిగే ఉంది.