పెడల్ కింద మ్యాట్: మా పికప్ పనుల చిట్టా

అక్టోబరు

వెనక చిన్న ట్రైలర్ తగిలించుకుని డాలస్‌లో 75వ నంబరు హైవే ఎక్కేటప్పుడు మా పాత పికప్ అందుకోవలసిన వేగం అందుకోవడం లేదు. ఆక్సిలరేటర్ పెడల్ చివరిదాకా తొక్కినా గేరు కిందికి దిగడం లేదు. ఎయిర్ ఫిల్టర్ కొత్తది, స్పార్క్ ప్లగ్గులు బాగున్నాయి, స్కానర్‌లో లోపం చూపే కోడ్ ఒక్కటి కూడా లేదు. ఇక మిగిలింది పెడలే. బండి కంప్యూటర్‌లోని వివరాలు చదవడానికి స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఫోనులో పెడల్ పొజిషన్ అంకె తెరిచాను. తాళం ఆన్‌లో ఉంటే చాలు, ఇంజిన్ స్టార్ట్ చేయనక్కర్లేదు. ఇంటి ముందు బండి నిలిపి తీరిగ్గా చేసుకోదగ్గ పని.

కాలు తీసేస్తే 15.7 శాతం. పూర్తిగా తొక్కితే 60.8.

ఈ అంకె సున్నా నుంచి వంద దాకా పోదని ముందే తెలుసుకోవాలి. పెడల్ సెన్సర్ ఇచ్చే వోల్టేజీని కంప్యూటర్ 0 నుంచి 255 మెట్లలో లెక్కగట్టి శాతంగా చూపిస్తుంది. వైరు తెగినా, షార్ట్ అయినా పసిగట్టడానికి రెండు చివరలా కొంత జాగా వదులుతారు. అందుకని 60.8 ఒక్కటే చూసి మంచిచెడ్డలు తేల్చలేం. అదే బండిలో, నేల మీద ఏమీ లేకుండా తొక్కినప్పుడు వచ్చే అంకెతో పోల్చాలి.

డ్రైవర్ వైపున్నవి బయటికి లాగాను. పైన మందపాటి రబ్బరు మ్యాట్, దాని కింద కార్పెట్ మ్యాట్. బండి కొన్నప్పుడే రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. కార్పెట్ మ్యాట్ తీసేసి రబ్బరు మ్యాట్ ఒక్కటే వేసి తొక్కితే 69.0. అదీ తీసేస్తే 83.1. అంటే పెడల్ కదలవలసిన దూరంలో మూడో వంతును రెండు మ్యాట్లు కలిసి మింగేస్తున్నాయి. రబ్బరు మ్యాట్ ఒక్కటే అయిదో వంతు తింటోంది.

గేరు ఎందుకు దిగలేదో కూడా దీనితో తేలిపోయింది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కంప్యూటర్ డ్రైవర్ ఎంత తొందరలో ఉన్నాడో ప్రధానంగా ఈ అంకెను బట్టే అంచనా వేస్తుంది. అది 60 దగ్గర ఆగిపోతే, మనం ఎంత బలంగా తొక్కినా దాని దృష్టిలో అది ఓ మాదిరి తొక్కుడే. ఇంకొక నష్టం కూడా ఉంది. చాలా బండ్లలో ఇంజిన్‌లోకి పెట్రోలు ఎక్కువై స్టార్ట్ కానప్పుడు, పెడల్ పూర్తిగా తొక్కిపట్టి తాళం తిప్పితే కంప్యూటర్ ఇంధనం ఆపేసి సిలిండర్లను ఆరనిస్తుంది. పెడల్ చివరిదాకా వెళ్లకపోతే ఆ ఏర్పాటు అక్కరకు రాదు.

పెడల్ స్పందన పెంచుతామని అమ్మే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలు కొందరు నాకు సూచించారు. సగం తొక్కినా పూర్తిగా తొక్కినట్టు కంప్యూటర్‌కు చెప్పడమే వాటి పని. కింద మ్యాట్ అడ్డం ఉండగా అలాంటిది బిగిస్తే బండి చురుగ్గా కదులుతుంది, అడ్డం మాత్రం అక్కడే ఉంటుంది. నేను దాని జోలికి పోలేదు.

నవంబరు

రబ్బరు మ్యాట్ మందం స్కేలు పెట్టి కొలిస్తే 5 మిల్లీమీటర్లే. మరి అంత అడ్డం ఎలా పడుతోంది? ఇది తేలాలంటే పెడల్ చివరిదాకా వెళ్లినప్పుడు దాని కింద ఎంత ఖాళీ మిగులుతుందో తెలియాలి. అక్కడికి స్కేలు పట్టదు, తల దూర్చినా కనిపించదు. చపాతీ పిండి ముద్దను పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, పెడల్ కింది అంచు వచ్చే చోట కార్పెట్ మీద పెట్టాను. పెడల్ పూర్తిగా తొక్కి వదిలి, నొక్కుకుపోయిన చోట ముద్దను చాకుతో నిలువుగా కోసి కొలిచాను. 14 మిల్లీమీటర్లు. పిండి కొంచెం గట్టిగా కలపాలి, మెత్తగా ఉంటే తీసేటప్పుడు సాగిపోయి కొలత తప్పుతుంది.

14 మిల్లీమీటర్ల ఖాళీలో 5 మిల్లీమీటర్ల మ్యాట్ హాయిగా పట్టాలి. పట్టకపోవడానికి కారణం మందం కాదు, ఆకారం. పెడళ్ల కింద నేల చదునుగా ఉండదు, ముందుకు పోయేకొద్దీ వాలుగా పైకి లేస్తుంది. ఈ మ్యాట్ అన్ని బండ్లకూ సరిపోతుందని అమ్మే రకం. దాని ముందు భాగం వంపు వేరు, మా బండి వాలు వేరు. అందువల్ల సరిగ్గా పెడల్ కింద అది నేలను తాకకుండా వంతెనలా నిలబడింది. దాని కింద నా చూపుడు వేలు రెండు కణుపుల దాకా దూరింది. పైగా నీళ్లు కారిపోకుండా అంచు చుట్టూ గట్టులాంటి మలుపు ఉంది. పెడల్ వచ్చి తగులుతున్నది దానికే.

డిసెంబరు

అంచును కత్తిరిస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. ఈ రకం మ్యాట్ల వెనక కత్తిరించుకోవడానికి గాళ్లు కూడా ఉంటాయి. గాడి వెంట కోసి చూస్తే అంకె 83.1కి వచ్చింది. అక్కడితో ఆగకుండా రెండో పరీక్ష చేశాను. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే.

బండి నడుపుతుంటే మడమ మ్యాట్‌ను కొద్దికొద్దిగా ముందుకు నెడుతూనే ఉంటుంది. అందుకని చేత్తో మ్యాట్‌ను బెత్తెడు ముందుకు తోసి, పెడల్ పూర్తిగా తొక్కి వదిలాను. స్కానర్‌లో అంకె 15.7కి రాలేదు, 31.0 దగ్గర నిలిచిపోయింది. వంగి చూస్తే కోసిన అంచు పెడల్ కింది కొస మీదికెక్కి దాన్ని పట్టుకుని ఉంది. ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి అది ఒక అంకె మాత్రమే. హైవే మీద అయితే కాలు తీసినా పికప్ పరుగు ఆపదు.

2009 ఆగస్టు 28న కాలిఫోర్నియాలో శాన్ డియేగో దగ్గర శాంటీలో జరిగింది ఇదే. లెక్సస్ ఈఎస్ 350 కారులో, వేరే మోడల్ కోసం చేసిన ఆల్ వెదర్ మ్యాట్ వేసి ఉంది, దాన్ని జరగకుండా పట్టి ఉంచే నేలలోని కొక్కేలకు తగిలించలేదు. పెడల్ ఆ మ్యాట్‌లో ఇరుక్కుని నలుగురు చనిపోయారు. ఆ తర్వాత అమెరికాలో టయోటా దాదాపు 38 లక్షల బండ్లను రీకాల్ చేసింది. వాటిలో 2005–2010 టకోమా, 2007–2010 టండ్రా పికప్‌లూ ఉన్నాయి. మ్యాట్లు మార్చడంతో పాటు, కింది కొస మ్యాట్‌కు చిక్కకుండా పెడల్ ఆకారాన్నే మార్చారు.

పెడల్ ఎప్పుడైనా ఇరుక్కుంటే బ్రేకును గట్టిగా ఒకే పట్టున తొక్కిపట్టాలి. వదిలి వదిలి తొక్కకూడదు. ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు ఇంజిన్‌లో వాక్యూమ్ దాదాపు ఉండదు, రెండు మూడు తొక్కుళ్లకే ఆ వాక్యూమ్‌తో బ్రేకుకు బలం చేకూర్చే బ్రేక్ బూస్టర్‌లో నిలవ ఉన్నది అయిపోయి బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. గేరును న్యూట్రల్‌లోకి తోసి, పక్కకు తీసి ఆపాక ఇంజిన్ ఆపాలి. నడుస్తున్న బండిలో వంగి చేత్తో మ్యాట్ లాగబోవడం అన్నిటికన్నా ప్రమాదం.

కోసిన మ్యాట్‌ను చెత్తలో వేశాను. ఎవరికైనా ఇచ్చేయడానికి కూడా మనసొప్పలేదు.

జనవరి

కొత్తది మా బండి మోడల్‌కే అచ్చు తీసిన మ్యాట్. ఆక్సిలరేటర్ కింద దాని అంచు లోపలికి వంపు తిరిగి, పెడల్ కొస కన్నా ముందే ఆగిపోతుంది. వెనక అంచులో రెండు రంధ్రాలున్నాయి, అవి నేలలోని కొక్కేలకు సరిగ్గా పడ్డాయి. ఒక కొక్కెం ఊగుతోంది, పార్టుల దుకాణంలో కొత్తది దొరికింది. కార్పెట్ మ్యాట్ ఇక వేయను. ఎంత మంచి మ్యాటయినా ఇంకొక దాని మీద వేస్తే కొక్కేలకు అందదు.

అంకె 83.1. బలంగా ముందుకు తోసినా మ్యాట్ కదలలేదు, పెడల్ వదిలిన వెంటనే 15.7కి వచ్చింది. చలికి రబ్బరు బిగుసుకుని అంచులు లేస్తాయేమోనని, ఫారెన్‌హీట్ 25 డిగ్రీలున్న ఉదయం హీటర్ వేయకముందే మళ్లీ చూశాను. తేడా లేదు. ట్రైలర్‌తో హైవే ఎక్కేటప్పుడు గేరు ఇప్పుడు వెంటనే దిగుతోంది.

విజయవాడలో మా తమ్ముడు కారులో 7డీ మ్యాట్లు వేయించాడు. అవి స్పాంజి మీద రెగ్జిన్ అతికించిన మందపాటి రకం, కార్పెట్‌ను పూర్తిగా కప్పేస్తాయి. అతని కారు మాన్యువల్, అందుకని ఆక్సిలరేటర్‌తో పాటు క్లచ్ కింద కూడా పిండి ముద్ద పెట్టి చూడమన్నాను. క్లచ్ చివరిదాకా దిగకపోతే పూర్తిగా విడవదు, రివర్స్ వేసేటప్పుడు గరగర శబ్దం వస్తుంది. ఆ శబ్దం వస్తోందనే అతను ఫోను చేశాడు. ఆదివారం మ్యాట్ తీసి ఒకసారి, వేసి ఒకసారి కొలుస్తానన్నాడు. ఆ కొలతలు రాగానే ఈ చిట్టాలో చేరుస్తాను.