హాత్ యాయ్‌లో బొగ్గుల మీద కోడి

థాయ్ ఫుడ్ అంటే తియ్యగా ఉంటుందనే వాళ్ళని ఒకసారి హాత్ యాయ్ పంపాలి. థాయ్‌లాండ్ దక్షిణాన, మలేషియా సరిహద్దుకి దగ్గర్లో ఉన్న ఊరు. నిన్న రాత్రి అక్కడ ఓ ముస్లిం కుటుంబం నడిపే చిన్న గ్రిల్ హోటల్లో తిన్నాం.

బయట బొగ్గుల మీద గై కొలే అనే మసాలా కోడి కాలుతోంది. దక్షిణ థాయ్‌లాండ్‌లోనే ఉన్న పత్తానీ వైపు వంటకం ఇది. ఎండుమిర్చి, ఉల్లి, కొబ్బరిపాలు కలిపిన ఎర్రటి మసాలా పూయడం, కాల్చడం, మళ్ళీ పూయడం. కాల్చే పెద్దావిడకి తొందరే లేదు. కొబ్బరిపాలు బొగ్గుల మీద పడి లేచే పొగ వాసనకే సగం ఆకలి పెరిగింది. నోట్లో ముందు తీపి, తర్వాత పొగ, కారం ఆఖర్న నిదానంగా వస్తుంది.

అసలు దెబ్బ ఖువా క్లింగ్‌ది! పసుపు, నిమ్మగడ్డి, చిట్టి మిరపకాయలు నూరి కీమాని పొడిపొడిగా వేయిస్తారు. గుంటూరు కారంతో పెరిగిన నాలుక నాది, అయినా ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి. మనకైతే నెయ్యో పెరుగో తోడుంటుంది. ఇక్కడ కీరా, పచ్చి కూరగాయలు ఓ పళ్ళెం నిండా పెడతారు, అంతే. నీళ్ళు తాగి లాభం లేదు, మిరపలోని క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు. అన్నమే దిక్కు.

రొయ్యలతో వేయించిన సతో అనే ఘాటు వాసన గింజలు కూడా తెప్పించాం. రుచి బాగుంది, వాసన గురించి మాట్లాడను.

మా ఆవిడ మాత్రం చెమట తుడుచుకుంటూనే ఇంకో ప్లేట్ కోడి చెప్పింది.